హెడ్‌సెట్ వెనకాల మనిషి

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగితే మా ఇంట్లో అందరికీ గుండె ఝల్లుమంటుంది. ఆ టైమ్‌లో మంచి కబురు రాదని మా అమ్మ నమ్మకం. తీసి చూస్తే మా పెద్దక్క కొడుకు. ఆస్టిన్‌లో ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. వెనకాల ఒకటే గోల, అరుపులు, డప్పులు.

"మామయ్యా, గెలిచాం!"

"ఎవర్రా గెలిచింది? ఎలక్షన్లా?"

"కాదు మామయ్యా, లాంగ్‌హార్న్స్! స్టేడియంలోనే ఉన్నా. లక్షమంది ఉన్నారిక్కడ."

వాడు ఇక్కడున్నన్నాళ్లూ ఐపీఎల్ తప్ప ఇంకోటి చూసిన పాపాన పోలేదు. అక్కడికెళ్లిన రెండేళ్లకే ముదురు నారింజరంగు టీషర్టు వేసుకుని, చూపుడు వేలూ చిటికెన వేలూ కొమ్ముల్లా పైకెత్తి ఫొటోలు పెట్టడం మొదలెట్టాడు. వాడి కోచ్‌ని 'సార్క్' అని ముద్దుగా పిలుస్తాడు. స్టీవ్ సార్కీసియన్. "ఏ ఆట ఆడాలో అన్నీ ఆయనే పిలుస్తాడు మామయ్యా, బుర్రంటే బుర్ర" అన్నాడు.

"మరి ఆ బుర్రకి ఎవరు నేర్పార్రా?" అన్నాను.

అవతల కాసేపు డప్పులు మాత్రమే వినబడ్డాయి. వాడికి తెలీదు. పాతికేళ్ల వయసువాళ్లకి తెలిసే అవకాశమూ లేదు. అందుకే ఈవారం నార్మ్ చౌ గురించి.

నాకెలా తెలుసంటే... 2002, 2003 ప్రాంతంలో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పనిచేసేవాణ్ని. రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికా డాక్టర్లు గొణిగింది టైప్ చేయడం. మా క్లయింటు లాస్ ఏంజెలిస్‌లో. వాళ్లతో కాల్ ఉన్నప్పుడల్లా ముందు పది నిమిషాలు యూఎస్‌సీ ఫుట్‌బాల్ గురించే. అర్థంకాకపోయినా నవ్వాలి కాబట్టి నవ్వేవాణ్ని. తర్వాత ఊరికే నవ్వడం సిగ్గనిపించి, ఆ ఆటేంటో చదవడం మొదలెట్టా. చదివితే ఆటకన్నా ఈ మనిషి ఎక్కువ నచ్చాడు.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులాంటి బంతి, జట్టుకి పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేదంటే బంతి అవతలివాళ్లకి. ప్రతి ప్రయత్నానికీ ముందు అర నిమిషం పైచిలుకు టైముంటుంది. ఆ కాస్త టైమ్‌లో 'ఇప్పుడు ఎవడు ఎటు పరిగెత్తాలి, బంతి ఎవడికి వెయ్యాలి' అని ఒకడు నిర్ణయించాలి. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, అతనే హీరో. ఆ నిర్ణయం తీసుకునేవాడు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్. చాలాసార్లు మైదానంలో కూడా ఉండడు. స్టేడియం పైన అద్దాల గదిలో, చెవికి హెడ్‌సెట్, చేతిలో హోటల్ మెనూ అంత కాగితం. అతను అక్కడినుంచి చెప్పింది కిందున్న కోచ్ వింటాడు, చేతులతో సైగలు చేస్తాడు, క్వార్టర్‌బ్యాక్ ఆడతాడు. కాలేజీ పెద్ద లీగ్‌లో ఆటగాడి హెల్మెట్‌లోకి నేరుగా మాట పంపడానికి అనుమతి వచ్చింది 2024లోనే. అంతకుముందు అంతా మూగసైగలే.

మన సినిమా భాషలో చెప్పాలంటే కోఆర్డినేటర్ రైటర్. హెడ్ కోచ్ డైరెక్టర్. ఈల ఎవరికి పడుతుందో మీకు తెలుసు.

నార్మ్ చౌ 1946లో హోనొలులులో పుట్టాడు. చైనీస్, హవాయి, పోర్చుగీస్ రక్తం కలిసిన కుటుంబం. పునహో స్కూల్లో చదివాడు, తర్వాతి కాలంలో ఒబామా చదివిన స్కూలే అది. కాలేజీకి యూటా వెళ్లి గార్డ్‌గా ఆడాడు. గార్డ్ అంటే ముందు వరసలో నిలబడి, అవతలి ఏనుగుల్లాంటి వాళ్లని గుండెతో ఆపేవాడు. మ్యాచ్ మొత్తంలో బంతి అతని చేతికి రాదు. ఇది గుర్తుపెట్టుకోండి. జీవితాంతం క్వార్టర్‌బ్యాక్‌ల్ని తయారుచేసిన మనిషి తను ఏనాడూ క్వార్టర్‌బ్యాక్ కాదు.

కెనడా లీగ్‌లో కొన్నాళ్లు ప్రయత్నించాడు. మోకాలు పోయింది. హవాయికి తిరిగొచ్చి వయాలువా అనే ఊళ్లో హైస్కూల్ పిల్లలకి నేర్పాడు. 1973లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో, బీవైయూ అంటారు, అతి చిన్న ఉద్యోగంలో చేరాడు. చదువుకుంటూ కోచ్‌లకి సాయం చేసే పని. అక్కడే ఎడ్యుకేషనల్ సైకాలజీలో డాక్టరేట్ చేశాడు. అంటే మన చౌ గారు నిజానికి డాక్టర్ చౌ. పిల్లల బుర్రలోకి విషయం ఎలా ఎక్కుతుందో చదివినవాడు. ఆయన పని చూస్తే ఆ చదువు ఊరికే పోలేదనిపిస్తుంది.

చేరింది 1973. వదిలింది 1999 సీజన్ అయ్యాక. ఇరవయ్యేడేళ్లు! మీలో ఎంతోమంది అప్పటికి పుట్టనంత కాలం ఒకే కాలేజీలో.

ఆ బీవైయూ కథే ఒక వింత. హెడ్ కోచ్ లావెల్ ఎడ్వర్డ్స్ స్వతహాగా డిఫెన్స్ మనిషి. కొండల మధ్య ఉన్న కాలేజీ. పెద్ద పెద్ద యూనివర్సిటీలతో బలానికి బలం పోటీపడే ఆటగాళ్లు అక్కడికి రారు. అప్పట్లో అందరూ బంతిని చంకలో పెట్టుకుని గుద్దుకుంటూ వెళ్లేవాళ్లు. బలం లేనప్పుడు గుద్దితే మనకే దెబ్బ. సరే, విసురుదాం అనుకున్నాడు ఎడ్వర్డ్స్. డగ్ స్కోవిల్ లాంటి కోచ్‌ల్ని తెచ్చుకున్నాడు. వాళ్ల దగ్గర చౌ నేర్చుకున్నాడు, తర్వాత తనే ఆ బడికి పెద్ద మాస్టారయ్యాడు.

విసరడం అంటే ప్రతిసారీ ఆకాశంలోకి కాదు. క్రికెట్‌లో ప్రతి బంతికీ సిక్స్ కొట్టనక్కర్లేదు, సింగిల్స్ తీస్తూ ఉంటే ఫీల్డింగ్ తనే చెదిరిపోతుంది, అప్పుడు ఖాళీలో కొట్టాలి. అదే సూత్రం. చిన్న చిన్న పాస్‌లు. అవతలివాళ్లు ఎక్కడ ఖాళీ వదిలితే అక్కడికి. ఆటల జాబితా చిన్నది, కానీ ప్రతి ఆటనీ నిద్రలో లేపినా ఆడేంత సాధన. క్వార్టర్‌బ్యాక్ ముందు ఇటు చూడాలి, లేకపోతే అటు, అదీ లేకపోతే పక్కనే ఉన్నవాడికి ఇచ్చెయ్యాలి. ఎక్కువ ఆలోచించేవాడికి ఆ ఆటలో మిగిలేది విరిగిన పక్కటెముకలే.

ఈ పద్ధతిలోంచి వచ్చిన పేర్లు చూడండి. జిమ్ మెక్‌మాన్. స్టీవ్ యంగ్. రాబీ బాస్కో. టై డెట్మర్. బీవైయూ 1984లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, 13-0తో దేశంలో నంబర్ వన్ అయింది. 1990లో అప్పటి నంబర్ వన్ మయామీని సొంతగడ్డ మీద 28-21తో పడగొట్టింది. ఆ ఏడాది డెట్మర్ 5,188 గజాలు విసిరి హైస్మన్ ట్రోఫీ కొట్టాడు. హైస్మన్ అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏడాది మొనగాడికిచ్చే అవార్డు. ఇవన్నీ చౌ ఒక్కడి ఖాతాలో వెయ్యడం అన్యాయం, ఆ బృందంలో చాలామంది ఉన్నారు. కానీ మిగతావాళ్లు వచ్చారు, వెళ్లారు. ఈయన ఉన్నాడు.

1996లో బీవైయూ 14 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎవరో చెప్పుకోండి. స్టీవ్ సార్కీసియన్! మావాడి సార్క్. ఫోన్‌లో ఈ మాట చెప్పగానే మావాడు "అవునా!" అన్న అరుపుకి పక్కనున్నవాళ్లు ఇంకో టచ్‌డౌన్ అనుకుని ఉంటారు.

ఇంకో గొలుసు కూడా ఉంది. మైక్ లీచ్ అని ఒకాయన బీవైయూలో లా చదవడానికి కాదుగానీ డిగ్రీ చదవడానికొచ్చి, ఆ ఆట చూసి పిచ్చెక్కిపోయాడు. లా తర్వాత వేరేచోట చదివాడనుకోండి. ఆయనా, హాల్ మమ్ అనే మరో కోచ్ కలిసి బీవైయూ ఆటల్ని తీసుకుని ఇంకా విరగదీసి 'ఎయిర్ రెయిడ్' అనే పద్ధతి తయారుచేశారు. లీచ్ దగ్గర టెక్సస్ టెక్‌లో ఆడిన క్లిఫ్ కింగ్స్‌బరీ, తర్వాత అదే కాలేజీలో కోచ్ అయి ఒక కుర్రాణ్ని తయారుచేశాడు. ఆ కుర్రాడు పాట్రిక్ మహోమ్స్. మీ రీల్స్‌లో తల తిప్పుకుని పాస్‌లు వేసేవాడు, అతనే.

ఇంత చేసినా చౌకి ఒకటి దక్కలేదు. ఎడ్వర్డ్స్ తర్వాత హెడ్ కోచ్ కుర్చీ తనది కాదని తెలిసిపోయింది. 2000లో సామాను సర్దుకుని నార్త్ కరోలినా స్టేట్‌కి వెళ్లాడు. వయసు యాభైనాలుగు. ఎడ్వర్డ్స్ ఆ ఏడాది చివర రిటైరయ్యాడు, కుర్చీ గ్యారీ క్రౌటన్‌కి వెళ్లింది.

ఇక్కడ నాదో చిన్న సోది. ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో నేను రాత్రుళ్లు కూర్చుని డాక్టర్ల ఉచ్చారణల మీద ఒక చిట్కాల పుస్తకం తయారుచేశా. ఏ డాక్టరు ఏ మాట ఎలా మింగేస్తాడో మొత్తం. టీమ్ తప్పులు సగానికి పడిపోయాయి. ఏడాది చివర అవార్డు ఫంక్షన్‌లో ఆ పుస్తకం చేతిలో పట్టుకుని ఫొటో దిగింది మా లీడ్. నాకు సమోసా, టీ. ఇరవయ్యేళ్లయింది, చూడండి, సమోసాతో సహా గుర్తుంది. అలాంటివాడికి చౌ కథ ఎందుకు అతుక్కుపోయిందో వేరే చెప్పాలా.

నార్త్ కరోలినాలో ఉన్నది ఒక్క ఏడాది. ఆ ఒక్క ఏడాదిలో చేతికొచ్చిన మొదటేడాది కుర్రాడు ఫిలిప్ రివర్స్. బంతి విసిరే పద్ధతి వంకరగా ఉండేది. చేతిని మార్చడం కాకుండా ఆడనిచ్చారు. తర్వాత అతను పదిహేడు సీజన్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి 2021లో రిటైర్మెంట్ ప్రకటించాడు.

2001లో పీట్ కారల్ పిలిచాడు. లాస్ ఏంజెలిస్, యూఎస్‌సీ. సినిమా తారలు మ్యాచ్‌కొచ్చే ఊరు, కానీ జట్టు అప్పుడు చతికిలబడి ఉంది. మొదటేడాది 6-6. కార్సన్ పామర్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, ఆరున్నర అడుగుల పొడుగు, ఫిరంగిలాంటి చెయ్యి. కానీ 2001లో 13 టచ్‌డౌన్ పాస్‌లు వేస్తే 12 అవతలివాళ్లు పట్టేసుకున్నారు. మరుసటేడాది అదే మనిషి, అదే చెయ్యి, 33 టచ్‌డౌన్లు! పట్టుబడినవి 10. గజాలు 3,942. హైస్మన్ వచ్చింది. 2003లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతనే. ఆ 2002కే చౌకి బ్రాయిల్స్ అవార్డు ఇచ్చారు, దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కి ఇచ్చేది. ఉత్తమ 'అసిస్టెంట్' అన్న మాటలోనే కొంచెం చురక ఉంది, ఏం చేస్తాం.

పామర్ వెళ్లాక ఎవరూ పెద్దగా వినని మాట్ లైనార్ట్ వచ్చాడు. 2003లో ఏపీ ర్యాంకుల్లో యూఎస్‌సీ నంబర్ వన్. 2004లో లైనార్ట్‌కి హైస్మన్. 2005 జనవరిలో ఆరెంజ్ బౌల్‌లో ఓక్లహోమా మీద 55-19. ఆ స్కోరు ఫైనల్‌ది! ఆటగాడు రెజీ బుష్‌కి సంబంధించిన డబ్బు వ్యవహారంలో ఆ మ్యాచ్ విజయాన్ని తర్వాత రికార్డుల్లోంచి కొట్టేశారు, అది వేరే కథ. చూసినవాళ్ల కళ్లలోంచి కొట్టెయ్యలేరు కదా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 2004 జనవరి ఒకటిన రోజ్ బౌల్‌లో మిషిగన్ మీద జరిగింది. బంతి లైనార్ట్ దగ్గర మొదలై, చేతులు మారి, మైక్ విలియమ్స్ అనే రిసీవర్ దగ్గరికొచ్చింది. ఎప్పుడూ పట్టేవాడు ఈసారి విసిరాడు. పట్టింది ఎవరు? ఈలోపు చల్లగా పక్కకి జారుకున్న లైనార్టే. టచ్‌డౌన్. కామెంటేటర్లు కొత్తగా చూసినట్టు కేకలు. పాత వీడియోలు తవ్వితే 1983 హాలిడే బౌల్ దొరుకుతుంది. బీవైయూ వెనకబడి ఉంది, అర నిమిషం కూడా లేదు. స్టీవ్ యంగ్ బంతిని ఎడ్డీ స్టినెట్ అనే రన్నింగ్ బ్యాక్‌కి ఇచ్చాడు, స్టినెట్ తిరిగి యంగ్‌కే విసిరాడు. యంగ్ పరిగెత్తి గెలిపించాడు, మిస్సోరీ మీద 21-17. అచ్చం అదే ఆట కాదు, ఆలోచన మాత్రం అదే. అందరూ విసిరేవాడి చేతినే చూస్తుంటారు, కాళ్లని ఎవరూ చూడరు. రెండు చోట్లా ఆ కోచ్‌ల బృందంలో ఉన్న ఒకే మనిషి ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఓక్లహోమా మీద గెలిచిన నెలరోజులకి చౌ యూఎస్‌సీలో లేడు. కారల్ తన బృందాన్ని మార్చుకున్నాడు. కోఆర్డినేటర్ పని ఇరవైతొమ్మిదేళ్ల లేన్ కిఫిన్‌కి, పక్కన తోడుగా సార్కీసియన్. అవును, చౌ శిష్యుడే. చౌకి అప్పటికి యాభైఎనిమిది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టెనెసీ టైటన్స్‌కి వెళ్లాడు. ఎవరు ఎవర్ని గెంటారు, ఎవరు అలిగారు అనే కథలు బోలెడు. నాకు వాటిమీద పెద్ద ఆసక్తి లేదు. జరిగింది చూస్తే చాలు.

ఎందుకంటే జరిగింది ఇంకా విచిత్రం. మరుసటి ఏడాది, 2006 జనవరి నాలుగున, యూఎస్‌సీ మళ్లీ ఫైనల్ ఆడింది. అవతల మావాడి టెక్సస్. రెండు నిమిషాలు మిగిలున్నాయి, యూఎస్‌సీ ముందుంది, రెండు గజాలు వెళ్తే కప్పు ఖాయం. బంతి లెన్‌డేల్ వైట్‌కి ఇచ్చారు. ఆపేశారు. దేశంలోకెల్లా గొప్ప ఆటగాడు రెజీ బుష్ ఆ క్షణంలో మైదానం బయట నిలబడి ఉన్నాడు! అప్పుడు టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ బంతి తీసుకుని, 19 సెకన్లు ఉండగా పరిగెత్తి కప్పు లాక్కుపోయాడు. 41-38. ఆ రెండు గజాలకి చౌ ఉంటే ఏం పిలిచేవాడో అని నేను చాలాసార్లు అనుకున్నా. బుష్‌ని కనీసం ఎరగానైనా మైదానంలో నిలబెట్టేవాడని నా ఊహ. ఊహే.

ఆ ఏప్రిల్‌లో డ్రాఫ్ట్. టైటన్స్‌ది మూడో వంతు. చౌ చేతిలో పెరిగిన లైనార్ట్ అందుబాటులోనే ఉన్నాడు. టైటన్స్ ఎంచుకున్నది విన్స్ యంగ్‌ని. తన పాత జట్టుని కొట్టినవాణ్ని తెచ్చి చౌ చేతిలో పెట్టారన్నమాట. ఆ ఏడాది యంగ్‌కి ఆఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు వచ్చింది. ఇంకో ఏడాది తర్వాత చౌ ఉద్యోగం పోయింది.

తర్వాత యూసీఎల్‌ఏలో మూడేళ్లు, అంత గొప్పగా లేవు. ఒక ఏడాది యూటాలో. 2011 డిసెంబరులో, అరవై అయిదేళ్ల వయసులో, హవాయి యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా పిలిచింది. సొంత ఊరు. పెద్ద లీగ్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆసియా మూలాలున్న మొదటి అమెరికన్ హెడ్ కోచ్. ముప్పయ్యెనిమిదేళ్ల ఎదురుచూపు. ఇదే సినిమా అయితే ఇక్కడ పాట పడాలి.

మొదటి మ్యాచ్ 2012 సెప్టెంబరు ఒకటి, లాస్ ఏంజెలిస్‌లో, యూఎస్‌సీ మీద. అవతలి గట్టున హెడ్ కోచ్ లేన్ కిఫిన్. యూఎస్‌సీ ఆడిన మొదటి ఆటే 75 గజాల టచ్‌డౌన్. చివరికి 49-10. ఆ ఏడాది మూడు గెలిచారు, తొమ్మిది ఓడారు. 2013లో ఒకటే గెలుపు, అదీ చివరి మ్యాచ్‌లో. 2014లో 4-9. 2015 అక్టోబరు 31న ఎయిర్‌ఫోర్స్ చేతిలో 58-7. మర్నాడు తీసేశారు. మొత్తం నాలుగేళ్లలో 10 గెలుపులు, 36 ఓటములు.

ఈ లెక్క చూపించి "ఆయన నంబర్ టూకే పనికొస్తాడు" అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను, అలాగని పూర్తిగా కాదనలేను కూడా. హవాయి కష్టమైన ఉద్యోగం. డబ్బు తక్కువ, ప్రతి బయటి మ్యాచ్‌కీ సముద్రం దాటాలి. కానీ ఓటములు ఓటములే. హెడ్ కోచ్ పని వేరే రకం: విరాళాలిచ్చేవాళ్లతో భోజనాలు, మీడియా, పదిమంది కోచ్‌ల అలకలు. నలభై ఏళ్లు అద్దాల గదిలో కూర్చుని ఖాళీలు వెతికినవాడికి ఆ పని నలభై ఐదేళ్లకే ఇచ్చి ఉంటే నేర్చుకునేవాడేమో. అరవై అయిదుకి ఇచ్చారు. ఆ తేడాని 10-36లో ఎక్కడ రాయాలో నాకు తెలీదు.

శిష్యుడి సంగతి చెప్తా. 2020లో అలబామాకి ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఉన్న సార్కీసియన్‌కి బ్రాయిల్స్ అవార్డు వచ్చింది. గురువుకి 2002లో వచ్చిందే. వెంటనే టెక్సస్ హెడ్ కోచ్ ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆయన వయసు నలభైఆరు.

ఇదంతా రాసి మావాడికి వాట్సాప్‌లో పంపా. సాయంత్రానికి రెండు నీలం టిక్కులు. తర్వాత ఒక ప్రశ్న: "ఇప్పుడాయన రెస్ట్ తీసుకుంటున్నాడా మామయ్యా?"

2020లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే కొత్త లీగ్‌లో లాస్ ఏంజెలిస్ వైల్డ్‌క్యాట్స్‌కి కోఆర్డినేటర్‌గా చేశాడని, కరోనా వచ్చి అయిదు మ్యాచ్‌లకే లీగ్ ఆగిపోయిందని చెప్పా. 2023లో స్విట్జర్లండ్ జట్టు హెల్వెటిక్ గార్డ్స్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లాడని కూడా చెప్పా. అప్పటికి డెబ్భయ్యేడేళ్లు.

"స్విట్జర్లండ్‌లో ఫుట్‌బాలా?" అని నవ్వే బొమ్మలు పంపాడు. కాసేపాగి ఇంకోటి పంపాడు: "జట్టు పేరు గార్డ్స్ ఆ? ఆయన కాలేజీలో ఆడింది గార్డే కదా మామయ్యా."

రాసినవాణ్ని నేను, ఆ సంగతి నాకు తట్టలేదు.